ఎముకకు పని చెప్పిన సత్యవతి టీచరు

సత్యవతి టీచరుకి భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా అనుకునేది. తెలియకేం, ఆవిడకీ ఉంది. పైకి కనపడనిచ్చేది కాదు, అంతే. పి.గన్నవరం దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. ఆవిడ పాఠం మొదలుపెడితే రోడ్డు మీద సైకిల్ మీద పోయేవాడికి కూడా ఉచితంగా చదువు వచ్చేసేది. ఎముకల పాఠమైతే మరీను.

"ఎముకంటే ఎండు కర్ర అనుకుంటున్నారర్రా? ప్రాణం ఉన్న కణజాలం అది! లోపల రాత్రీ పగలూ పని జరుగుతుంటుంది" అనేది బల్ల మీద చరిచి. ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముకను కడుతుంటాయి. ఆస్టియోక్లాస్టులు పాతదాన్ని కరిగించి తీసేస్తుంటాయి. కట్టిన కణాల్లోనే కొన్ని ఆ గోడల మధ్య ఉండిపోయి ఆస్టియోసైట్లవుతాయి. సన్నటి కాలువల గుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, ఎక్కడ బరువు పడుతోందో కనిపెడుతుంటాయి. బరువు పడ్డ చోట ఎముక గట్టిపడుతుంది, పడని చోట కరిగిపోతుంది. "పని చెప్పని ఎముక మిగలదర్రా" అని పాఠం ముగించేది.

తొంభై ఆరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు పడుకున్నాయి. బడి మళ్లీ తెరిచిన రోజున దారికి అడ్డంగా ఒక చెట్టు పడి ఉంది. అందరూ చుట్టూ తిరిగి వెళుతుంటే మన టీచరు "నాకేం" అని దాని మీదికెక్కింది. తడి బెరడు మీద చెప్పు జారింది. మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది.

అమలాపురంలో ఎముకల డాక్టరు కట్టు వేసి, "నేను చెప్పిన దగ్గర్నుంచీ మెల్లగా కాలు నేల మీద మోపాలండి టీచరుగారూ" అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అంది సత్యవతి. అన్నంతసేపు పట్టలేదు ఆ మాట మరిచిపోవడానికి. ఎందుకంటే ఇంటి దగ్గర కోనసీమ మర్యాద కాచుకుని కూర్చుంది.

డాక్టరు మోపమన్న వేళ వచ్చింది గాని, మోపనిచ్చేవారేరీ? ఆవిడ మంచం మీద కదిలితే చాలు, చూడవచ్చిన వాళ్లు అరిచేవారు. "అయ్యయ్యో, లేవకండి టీచరుగారూ! మేం లేమాండీ?" మంచినీళ్లకు ఒకరు, విసనకర్రకు ఒకరు. పనసపొట్టు కూర నాలుగిళ్ల నుంచి వచ్చేది. పెరట్లోకి వెళ్లాలంటే భర్త రమణబాబు, పక్కింటి అంజిబాబు కుర్చీతో సహా ఎత్తుకు తీసుకెళ్లేవారు. అత్తగారు వరహాలమ్మ అయితే కోడలి పాదాన్ని నేలకు తగలనిచ్చేది కాదు.

"మా అప్పకి కాలు విరిగితే తొందరపడి పనిలోకి దింపేసేరమ్మా. చచ్చిపోయేదాకా కుంటింది. నిన్నలా కానిస్తానా?" అనేది.

నిజం చెప్పొద్దూ, సత్యవతికీ ఆ మర్యాద హాయిగానే ఉంది. ఆ కాలు నేలకు ఆనించాలంటే గుండె ఝల్లుమనేది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు. అందరూ వద్దంటున్నారు కదా అని ఊరుకోవడం తేలిక.

కట్టు విప్పినరోజు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అతుకు పడింది. కానీ ఎముక అంచు, గట్టిగా తెల్లగా కనపడాల్సింది, పలచబడి మసకగా ఉంది.

"మీకు నేను చెప్పేదేముందండి! కాలు మోపలేదు కదా? ఇలాగే ఉంటే చేతికర్ర మిమ్మల్ని వదలదండి, జీవితాంతం" అన్నాడు డాక్టరు మెల్లగా.

సత్యవతికి ముఖం మాడిపోయింది. ఏళ్ల తరబడి ఊరందరికీ వినపడేలా చెప్పిన పాఠం తన కాలికి మాత్రం చెప్పుకోలేదు. ఇంటికి చేరగానే కుర్చీ ఎత్తబోయిన అంజిబాబుని ఆపి, వసారా స్తంభం పట్టుకుని కాలు కింద పెట్టింది. నొప్పికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. వరహాలమ్మ పరుగున వచ్చి చంకలో చెయ్యి వేసింది.

"వదలండి అత్తయ్యగారూ! మీరు పట్టుకుంటే నా బరువు మీ చేతుల్లోకి పోతోందండి. ఈ ఎముకకి అందట్లేదు. అందకపోతే అది గట్టిపడదండి."

"నువ్వు కింద పడితే?"

"పడితే లేస్తాను. లేవకుండా ఉంటేనే నేను మీ అప్పగారిలాగ అయిపోతానండి."

వరహాలమ్మకి ఆ మాట సూటిగా తగిలింది. చెయ్యి తీసేసింది గాని, స్టూలు పట్టుకుని వారాల తరబడి కోడలి వెనకాలే తిరిగింది. స్తంభం నుంచి స్తంభానికి, వసారా నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి తోటలోకి, రోజుకి కాస్త చొప్పున సత్యవతి కాలికి పని చెప్పింది. పిల్లలకి హోంవర్కు చెప్పినంత కచ్చితంగా చెప్పింది.

తిరిగి బడికి వెళ్లే రోజు వచ్చింది. ఇంటి ముందు పారే బోదె కాలువ దాటాలి. తనను పడేసిన చెట్టునే రమణబాబు కోయించి, రెండు దుంగలు పక్కపక్కన బోదె మీద పరిచాడు. సత్యవతి దుంగ దగ్గరికి వచ్చి ఆగింది. చూసిన ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"చెయ్యివ్వండి టీచరుగారూ, మేం దాటిస్తామండి!"

"ఎవరూ ముట్టుకోవద్దు" అంది వరహాలమ్మ. అందరూ బిత్తరపోయారు. ఆవిడ గబగబా దుంగలు దాటి అవతలి గట్టు మీద నిలబడింది. రెండు చేతులూ చీరచెంగులో చుట్టేసుకుంది. "రామ్మా" అంది.

సత్యవతి కాలు మోపింది. ఒక అడుగు, ఇంకొకటి. దుంగ మధ్యలో తూలింది, సర్దుకుంది. చెంగులో అత్తగారి చేతులు బిగుసుకోవడం ఇవతలికి కనపడుతూనే ఉంది. ఆపకుండా నడిచి గట్టెక్కింది.

ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. వరహాలమ్మ చేతులు మాత్రం ఇంకా చెంగులోనే ఉన్నాయి. చెంపల మీద కారుతున్న నీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆవిడ వాటిని బయటికి తియ్యలేదు.