నీటి గుంట పక్కన కలుపు తీసిన మనిషి

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం. గుంటూరు బ్రాడీపేటలో కొత్త ఇంట్లోకి దిగినప్పుడు గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కూడా కట్టనివ్వలేదు. మా అత్తగారు ఆ కోపం చాలాకాలం ఉంచుకున్నారు. చుట్టాల ముందు నన్ను "సైన్సు కోడలు" అని దెప్పేవారు. కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఏదైనా సరే కంటికి కనపడాలి, చేతికి అందాలి, అప్పుడే నమ్ముతాను. ఇప్పుడు చెప్పబోయేది కంటికీ కనపడింది, చేతికీ అందింది. అదే నా బాధ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది. దర్శి అవతల అటవీశాఖ వాళ్ళు కాపాడుతున్న గడ్డిబీడు ఒకటి ఉంది, జింకలు మేసే చోటు. చుట్టుపక్కల బీళ్ళన్నీ అప్పటికే వయ్యారిభామ అనే కలుపు పాలయ్యాయి. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు, ముట్టుకుంటే దురద. చిలకలూరిపేట మిల్లుల దగ్గర రోడ్డుకి రెండు వైపులా అదే ఉండేది. ఒకసారి గింజ రాల్చిందంటే ఆ నేలలో గడ్డిని బతకనివ్వదు. గడ్డి పోతే జింకలూ పోతాయి.

ఈ ఒక్క బీడు మాత్రం ఇంకా శుభ్రంగా ఉంది. ఏటా తొలకరికి ముందు వచ్చి ఎక్కడైనా మొలిచిందేమో చూసిపెట్టమని రేంజర్ గారు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను. మొదట్లో పట్టుకుంటే నాలుగు మొక్కలు పీకితే సరిపోతుంది. ఆలస్యమైతే ఎవరి తరమూ కాదు.

నాకు తోడు వచ్చేది వాచర్ కోటయ్య. పక్క ఊరివాడే, నలభై దాటిన మనిషి. ఆ జింకల్ని సొంత గొడ్లలా చూసుకునేవాడు. చూడి జింక కనపడితే అటు అడుగు వేయనిచ్చేవాడు కాదు. నన్ను మైలు దూరం చుట్టు తిప్పి తీసుకెళ్ళేవాడు. నేను విసుక్కున్నా వినేవాడు కాదు.

ఇలాంటి కలుపు బళ్ళ చక్రాలకీ మనుషుల చెప్పులకీ అంటుకుని వస్తుందని మేం చదువుకున్నాం. అందుకని బాటల వెంట, కంచె అంచుల వెంట వెతికేవాళ్ళం. ఆ సంవత్సరమూ పొద్దుటి నుంచీ అలాగే తిరిగాం. ఒక్క మొక్కా లేదు. మధ్యాహ్నం దాటాక నైరుతి వైపు మబ్బు లేచింది. బీడు శుభ్రంగా ఉందని రేంజర్ గారికి చెప్పేసి బస్సు పట్టుకుందామనుకున్నాను. కోటయ్య నా సంచీ తేవడానికి షెడ్డు వైపు వెళ్ళాడు.

అప్పుడు కనపడింది. బీడు నడిమధ్య జింకలకి నీళ్ళు పోసే సిమెంటు గుంట ఉంది. దాని పక్కన ఒక ఆడమనిషి వంగి కలుపు తీస్తోంది. వీపు నావైపు ఉంది. చీర ఎగదోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుంది. మోచేతుల దాకా పాతగుడ్డలు చుట్టి ఉన్నాయి. మిరప చేలల్లో కూలీలు తీసే పద్ధతే, మొదలు పట్టి లాగడం, పక్కన పెట్టడం. ఎండ ఇంకా ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవరో గడ్డి కోసం లోపలికి జొరబడ్డారనుకున్నాను. ఎవరమ్మా నువ్వు అని కేకేస్తూ నడిచాను. తల తిప్పలేదు. చెప్పులో ముల్లు గుచ్చుకుంటే వంగి తీసుకుని లేచాను. ఎవరూ లేరు.

మోకాలెత్తు గడ్డి అది, దాక్కోవడానికి చెట్టూ పుట్టా లేవు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతసేపూ రెండు మూడు జింకలు ఆ గుంటలో నీళ్ళు తాగుతూనే ఉన్నాయి. మనిషి అలికిడైతే చాలు, పరుగు తీసే జంతువులవి. నేను దగ్గరికి వెళ్ళగానే పారిపోయాయి.

గుంట పక్కన చూద్దును కదా, వయ్యారిభామ! చిన్న మడి అంత మేర మొలిచి ఉంది. లేత మొక్కలు నేలలోనే ఉన్నాయి. పూత ముదిరి గింజ కట్టినవి కొన్ని మాత్రం పీకి, సిమెంటు గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి, వేళ్ళు పైకి. వేళ్ళకి మట్టి ఇంకా తడిగా ఉంది. చేత్తో పట్టుకుని చూశాను. అప్పుడు వచ్చింది భయం.

కోటయ్య వచ్చి ఆ మొక్కల్ని చూసి తల పట్టుకున్నాడు. వేసవిలో గుంట చుట్టూ నేల బోడిగా ఉందని, జింకలకి నాలుగు పరకలు మొలుస్తాయని, చేలకి చెరువు మట్టి తోలుతున్న ట్రాక్టరుని ఇటు మళ్ళించి తనే చల్లించాడట. నీళ్ళు పోసేది ట్యాంకరువాళ్ళు, చూడి జింకలు బెదురుతాయని తను మళ్ళీ ఇటు రాలేదట. మా మిరప రైతులకి చెరువు మట్టి అంటే అంత నమ్మకం. అది పడితే ఏ నేలైనా బాగుపడుతుందంటారు. గింజలు ఆ మట్టిలోనే వచ్చాయి. మేలే గదా అనుకున్నా మేడం అంటూ నేల చూపులు చూశాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఎవరో ఆడమనిషి ఇక్కడ కలుపు తీస్తూ కనపడింది, నేను వచ్చేసరికి లేదు అని చెప్పాను. అంతకు మించి చెప్పలేదు. కోటయ్య గట్టు మీది మొక్కల వంక చూసి అడిగాడు.

"చేతులకి గుడ్డలు చుట్టుకునుందా మేడం?"

అవునన్నాను. అతను గట్టు మీద కూర్చుని చెప్పాడు. అతని తల్లి జీవితమంతా మిరప చేలల్లో కలుపు తీసిందట. వయ్యారిభామ పడక చేతులు పగిలి రసి కారేవట. అయినా గుడ్డలు చుట్టుకుని పనికి పోయేది. వానకి మళ్ళీ నాటుకుంటుందని, పీకిన మొక్కని వేళ్ళు పైకే పెట్టేది. ఆమె పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది.

"నేను జేసిన పని సరిజెయ్యడానికి వచ్చిందంటారా?"

మబ్బు మీదికొచ్చేస్తోంది. వాన పడితే గింజలు నీళ్ళతోపాటు పల్లానికి పోతాయి, బీడంతా పాకుతుంది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని పీకాం. గింజ కట్టినవన్నీ గోనెసంచిలో కుక్కి మూతి బిగించాం. పని అవుతుండగానే చినుకులు మొదలయ్యాయి. ఆ వానలో తడుస్తూ ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నాకు అంత సంతోషం ఎప్పుడోగాని కలగలేదు.

ఎవరో కూలీ దారి తప్పి వచ్చి ఉంటుందని రేంజర్ గారు అన్నారు. అయి ఉండొచ్చు. మరి జింకలు ఎందుకు బెదరలేదో ఆయనా చెప్పలేకపోయారు.

మరుసటి ఏడు పద్ధతి మార్చాం. ఊళ్ళో కలుపు కూలీల్ని పిలిచి, మిరప చేలో మునుం పట్టినట్టు, మనిషికింత మేర చొప్పున, ఒకరి పక్కన ఒకరిని వరసగా నిలబెట్టి, బీడు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించాం. కోటయ్య పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ మేర వదిలేస్తే ఇంత శ్రమా దండగ, జరగవయ్యా అని గట్టిగానే అన్నాను.

"అది ఖాళీ కాదు మేడం. అక్కడ మనిషుంది."

కూలీ ఆడవాళ్ళెవరూ నవ్వలేదు.

అందరూ మజ్జిగ తాగుతుంటే నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళి ఆ ఖాళీ మునుం వెంట వెతికాను. దానికి రెండు పక్కలా లేత మొక్కలు దొరికాయి, కూలీలు పీకారు కూడా. దాన్లో మాత్రం ఒక్కటీ లేదు. తప్పు పట్టాలనే వెతికాను. ఆ తర్వాతి ఏళ్ళూ వెతికాను, అదే సంగతి. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

బీడు శుభ్రంగా ఉంది. జింకలు అక్కడే ఈనుతున్నాయి. కోటయ్యకి ఈమధ్య కంటిచూపు తగ్గింది కాబట్టి మునుం సర్దే పని నాదే. కొత్తగా కలుపు పనికి వచ్చిన ఆడపిల్లలెవరైనా ఆ జాగాలో నిలబడబోతే, కాస్త పక్కకి జరగమ్మా అని నేనే చెబుతున్నాను.