గ్రీన్ లైట్ దగ్గర ఆగిపోయిన వ్యాన్

మేం ఉండేది అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్ అనే ఊళ్ళో. ఆదివారం మా వీధి పిల్లలందరినీ సుజాతక్కే తన వ్యాన్‌లో తెలుగు క్లాస్‌కి తీసుకెళ్ళేది. ఎవరికి వీలుకాకపోయినా "సుజాతక్క ఉందిగా" అనుకునేవాళ్ళం.

ఒక చలికాలం ఉదయం నేనూ ఆమె పక్కన ఎక్కాను. "ఎలా ఉన్నావక్కా?" అంటే "బాగున్నా" అని నవ్వింది.

కాసేపటికి గ్రీన్ లైట్ పడింది. వ్యాన్ ముందుకెళ్ళి, నాలుగు రోడ్ల నడిమధ్య ఆగిపోయింది. చుట్టూ హారన్లు. స్టీరింగ్‌ని బిగించి పట్టుకున్న అక్క వేళ్ళు తెల్లబడిపోయాయి. భుజం పట్టి కుదిపాను.

"మనసేం బాగోలేదు, నిద్ర పట్టక చాలా రోజులైంది మాధవీ. ఎటు పోవాలో గుర్తు రావట్లేదు" అంది.

ఒక ట్రక్కు మమ్మల్ని దాదాపు రాసుకుంటూ పోయింది. వెనక పిల్లలు ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. ఒక్కో మాటా చెబుతూ వ్యాన్‌ని పక్కకు తీయించాను.

అక్క ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తోంది, కోలుకుంటోంది. వ్యాన్ నేను నడుపుతున్నాను. ఆ రోజు వెనక కూర్చున్న అన్య ప్రతి ఆదివారం ఎక్కగానే అడుగుతుంది: "ఆంటీ, నువ్వు బాగా స్లీప్ చేశావా?"

"ఆఁ" అనబోతాను. ఆ తెల్లటి వేళ్ళు కళ్ళ ముందుకొస్తాయి. ఒక్కరి మనసులో చీకటి కమ్మితే, వెనక సీట్లో ఎందరి పిల్లలుంటారో!

రాత్రి నిద్ర పట్టకపోతే, ఆ ఆదివారం వ్యాన్ తాళాలు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను.