రంగూన్ అన్నకు ఇండియా బనీను

మొన్న ఆదివారం సాయంత్రం హన్మకొండలో మా ఇంట్లో, టీవీకి అడ్డం రాకుండా ఒక మూలన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. మా మనవరాలు ఫుట్‌బాల్ చూస్తోంది. నేను ఆట చూడనని, చిక్కుళ్లే చూస్తానని ఆ పిల్లకు గట్టి నమ్మకం. మధ్యలో నావైపు తిరిగి, "అమ్మమ్మా, ఈయన పుట్టింది ఒక దేశంల, పెరిగింది గూడ ఆడనే. ఆడేది మాత్రం వాళ్ల తాత పుట్టిన దేశానికట. అట్లెట్ల ఆడనిస్తరు?" అంది. "కాయిదాలు చూపిస్తె ఆడనిస్తరు. మా అన్నను ఆడనియ్యలేదా" అన్నాను. మనవరాలు రిమోట్ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. ఈ ఇంట్లో ఉప్పూ కారం విషయంలో తప్ప నా మాట ఎవరూ నమ్మరు. అందుకని ఆమెకు సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే అది అన్న కథే అయినా దాని బరువంతా మా నాయనమ్మ మోసింది.

అవి యాభైల చివరి సంవత్సరాలు. మా బాపు కాజీపేట స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మాది రెండు గదుల రైల్వే క్వార్టరు, ముందు చిన్న వరండా. ఉతికి ఆరేసిన బట్టల మీద ఇంజన్ల మసి పడి, తెల్లవన్నీ బూడిదరంగుకు తిరిగేవి. అమ్మ రోజూ ఇంజన్లను తిట్టేది, ఇంజన్లు పట్టించుకునేవి కావు. మా సొంతూరు నెక్కొండ దగ్గర ఒక పల్లె. బాపు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, ఒక మేస్త్రీ వెంట కూలిపనికి రంగూన్ వెళ్లిపోయాడు. మొదట్లో ఎవరిచేతనో రాయించిన రెండు మూడు ఉత్తరాలు వచ్చాయట. తర్వాత అవీ లేవు. మా ఇంట్లో పెద్దబాపు మాట ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు, కాని ఎవరూ ఎత్తేవారు కాదు. నాకు పదేళ్లు వచ్చేదాకా బాపుకు ఒక అన్న ఉన్నాడన్న సంగతే తెలియదు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ వరండాలో చేటతో బియ్యం చెరుగుతోంది, నేను వడ్లగింజలు ఏరుతున్నాను. రేకు పెట్టె ఒక చేత, తాడుతో కట్టిన బూట్లు ఒక భుజాన వేసుకుని ఒక పొడుగాటి మనిషి వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుంటాయి. బాపు పేరు చెప్పి, ఇల్లు ఇదేనా అన్నాడు. "ఇదే. నేను వాని తల్లిని. నువ్వెవలు బిడ్డా?" అంది నాయనమ్మ. ఆయన పెట్టె కింద పెట్టి, "మా నాయనమ్మ ఎప్పుడో కాలం జేసింది గద" అన్నాడు. అప్పుడు మెల్లగా బయటపడింది. ఊళ్లో కలరా వచ్చి ఇల్లంతా తుడుచుకుపోయిందని రంగూన్‌లో పెద్దబాపుకు ఎవరో చెప్పారట. ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా, ఏటేటా తల్లి పేరు మీద మేకను కోసి, ప్రార్థన పెట్టించి, వీధి వీధంతా భోజనం పెట్టాడు. "నీ దినం కూడు తినుకుంట పెరిగిన నాయనమ్మా" అన్నాడు అన్న. నాయనమ్మ చేట కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "మరి వాడేడి?" అంది. "నాయన పోయి రెండేండ్లాయె. పోయెటప్పుడు ఊరి పేరు జెప్పిండు, ఒక్కపారి సూసిరా అన్నడు. ఊరికి పోతె, బాబాయి ఒక్కడు ఈడున్నడని తొవ్వ జెప్పిండ్రు" అన్నాడు. నాయనమ్మ లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. వచ్చినవానికి అన్నం వండింది.

అన్న వింత మనిషి. నాకు మాత్రం ఆయనంటే తీరని కుతూహలం. ఆయన తెలుగు తండ్రి దగ్గర నేర్చుకున్నది, తండ్రి ఊరు వదిలిన నాటిది. ఇరవై ఏళ్ల మనిషి నోరు తెరిస్తే నాయనమ్మ ఈడు ముసలాళ్లు మాట్లాడినట్టుండేది. నన్ను "బిడ్డా, జర మంచినీళ్లు తెస్తివా" అని అడిగేవాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నాయనమ్మ మాత్రం ఆయన మాట్లాడుతుంటే పని ఆపి వినేది. వచ్చిన ప్రతివాళ్లకీ, "ఇగో, నన్ను బతికుండంగనె సంపి దినాలు పెట్టిన ఇంటి పోరడు" అని చూపించేది. అన్న సిగ్గుతో తల గోక్కునేవాడు. కాని ఆయన తండ్రి చావు గురించి మొదలుపెడితే మాత్రం ఆమెకు ఆవు గడ్డి, పిడకలు, ఏదో ఒక పని గుర్తుకొచ్చేది. మాకు ఆవు లేదు.

ఇక ఆ బూట్లు. అన్న రంగూన్‌లో రేవు కూలీల జట్టుకు ఫుట్‌బాల్ ఆడేవాడు. కాజీపేట కుర్రాళ్లు అప్పటికింకా చాలామంది ఉత్తకాళ్లతో ఆడేవారు. బూట్లేసుకుని మైదానంలోకి దిగిన అన్నను చూసి మొదటిరోజు ఎగతాళి చేశారు, రెండోరోజు కాళ్లు కాపాడుకున్నారు. ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డు ఫోర్‌మన్ దొరకు ఆట పిచ్చి. గోడ పక్కన నిలబడి ఒక సాయంత్రమంతా చూసి, వారం తిరిగేసరికి అన్నను షెడ్డులో ఫిట్టరుకు సహాయకుడిగా పెట్టించాడు. అప్పట్లో మన దేశంలో ఆట మీద బతకడమంటే అదే. పొద్దున హాజరు వేసుకోవాలి, చేతికి కొంచెం గ్రీసు పూసుకోవాలి, మధ్యాహ్నం నుంచి గ్రౌండు. అన్న లెఫ్ట్ అవుట్, అంటే ఎడమ అంచున ఆడేవాడు. గీత పక్కనుంచి బంతిని తోలుకుపోతుంటే అది ఆయన కాలికి దారంతో కట్టినట్టుండేది. రెండేళ్లలో పెద్ద రైల్వే జట్టులోకి తీసుకున్నారు. సికింద్రాబాద్, కలకత్తా, బొంబాయి తిరిగి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నాయనమ్మ గెలిచారా ఓడారా అని అడిగేది కాదు, తిన్నావా అని అడిగేది.

ఒకరోజు షెడ్డుకు తపాలా వచ్చింది. ఇండియా జట్టు ఎంపిక శిబిరానికి రమ్మని పిలుపు. శిబిరం తర్వాత జట్టు రంగూన్ పోయి బర్మా జట్టుతో ఆడాలి. అన్న ఆ కాయితాన్ని మడతపెట్టి జేబులో పెట్టి, తీసి, మళ్లీ మడతపెట్టి, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "మా నాయన కూలికి మెట్లెక్కిన రేవుల నేను ఇండియా బనీను ఏస్కొని దిగుత బాబాయ్" అన్నాడు బాపుతో. బాపు మురిసిపోయాడు. అయితే దానికి పాస్‌పోర్టు కావాలి. అన్న పుట్టింది రంగూన్‌లో. తండ్రి ఈ మట్టిలో పుట్టినవాడేనని రుజువు చూపిస్తే తప్ప ఇండియా మనిషని ఒప్పుకోరు. మా ఊళ్లో ఆ రోజుల్లో పుట్టిన తేదీలు రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు, ఒక్క మా చర్చిలో తప్ప. బాపు ఊరికి పోయి పాస్టరు అయ్యగారిచేత రిజిస్టరు నకలు రాయించుకుని, కనీసం చదవకుండా, అన్న దరఖాస్తుకు జతచేసి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. మా బాపు సిగ్నల్ చూస్తే పదిసార్లు చూస్తాడు, కాయితం చూస్తే ఒక్కసారి కూడా చూడడు.

పది రోజులకు ఆఫీసువాళ్లు పిలిచి దరఖాస్తు తిరిగి చేతిలో పెట్టారు. నకలులో పెద్దబాపు పుట్టుక ఉంది, బాప్తిస్మం ఉంది. దాని పక్కనే, అదే వరసలో, మరణం కూడా ఉంది. అన్న పుట్టడానికి రెండేళ్ల ముందు. "సచ్చిపోయిన రెండేండ్లకు కొడుకు పుట్టిండా? నీకు ఈయన తండ్రి కాడు. వేరే రుజువు తీసుకరా" అన్నాడట గుమాస్తా. శిబిరానికి ఇక మూడు వారాలే ఉంది.

అన్న ఆ నకలు పట్టుకుని ఇంటికొచ్చి, వరండాలో నిలబడే చదివాడు. "ఎవలు రాయించిండ్రు ఇది?" అన్నాడు. బాపు నేలచూపు చూశాడు. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరూ చెప్పకపోతే నేను ఊరుకోలేను కదా, "నాయనమ్మా, ఎవలు?" అన్నాను. "నేనే" అంది.

మా వాళ్లు క్రీస్తును నమ్ముకుని అప్పటికి రెండు తరాలు కూడా నిండలేదు. పాత పద్ధతులు అంత తొందరగా ఎక్కడికి పోతాయి? మనిషి జాడ తెలియకుండా పన్నెండేళ్లు గడిస్తే పోయినట్టే లెక్క కట్టి దినాలు చేసేయడం మా చుట్టుపక్కల ఆనవాయితీ. నాయనమ్మ పన్నెండేళ్లూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పదమూడో ఏడు అయ్యగారి దగ్గరికి పోయి నా కొడుకు దినాలు చెయ్యమంది. ఆ కాలపు అయ్యగారు మనకు అలాంటివి లేవన్నారు. ఈమె వినలేదు, మూడు ఆదివారాలు చర్చి మెట్ల మీదే కూర్చుంది. చివరికి ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టి, సంఘం ముందు పేరు చదివి, రిజిస్టరులో ఆ తేదీ రాసేశారు. దినాల సంగతి బాపుకు తెలుసు. అది రిజిస్టరుకెక్కిందని మాత్రం తెలియదు. ఇన్నాళ్లూ నన్ను బతికుండగానే చంపారని ఊరందరి ముందూ అన్నను ఆటపట్టించిన మనిషి, తానూ అదే పని చేశానని ఎలా చెప్పుకుంటుంది? అన్న బూట్లు తీసుకుని గ్రౌండుకు పోయాడు. ఆయన ఏదన్నా అని ఉంటే బాగుండేదని నాయనమ్మ తర్వాత చాలాసార్లు అంది.

మర్నాడే అందరం నెక్కొండ బండెక్కాం. ఇప్పటి అయ్యగారు చిన్నవాడు, నియమం మనిషి. ఆ ఒక్క గీత కొట్టేయమని బాపు బతిమాలాడు. "కొట్టెయ్యరాదన్నా. నకలంటె నకలే. కని సంఘం ముందల సదివిన మాటను సంఘం ముందలనే తప్పని ఎవలన్న సాక్ష్యం చెప్తె, పక్కన ఆ సంగతి రాసి, పెద్దమనుషుల సంతకాలు పెట్టిచ్చి ఇస్త" అన్నాడు. చెప్పగలిగింది ఒక్క నాయనమ్మే. మా చర్చిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్తారు, జ్వరం తగ్గిందనో బర్రె దొరికిందనో. నాయనమ్మ జన్మలో ఎప్పుడూ లేచి చెప్పలేదు. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు వణుకు. అన్న ఆమె దగ్గర కూర్చుని, "వద్దు నాయనమ్మా. రైల్వేకు ఆడుకుంట గిట్లనే ఉంట. నువ్వు నలుగుట్ల నిలవడకు" అన్నాడు.

ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ల వైపు చాప మీద ఆమె పక్కనే నేను కూర్చున్నాను. పాట అయిపోగానే నా భుజం ఊతం చేసుకుని లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, "నా పెద్దకొడుకు సచ్చిండని ఈ గుడిల నేనే రాయించిన" అంది. "ఉత్తరమొచ్చిందా అని మీరు అడుగుతాంటె జవాబు చెప్పలేకపోయిన. పన్నెండేండ్లు తొవ్వ సూసిన. నా పానం ఇగ తట్టుకోలె. వాడు ఆడ బతికే ఉండె. పెండ్లి జేసుకున్నడు, కొడుకును కన్నడు. నేను ఇంకో రెండేండ్లు ఆగకపోతి. ఇగో ఈ పోరడు నా కొడుకు కొడుకు. వాని తప్పేం లేదు, తప్పు నాది." అంతే చెప్పి కూర్చుంది. తర్వాత మగవాళ్ల వైపునుంచి ఒక ముసలాయన లేచి, "ఆ దినాల్ల నేను గూడ తిన్న. నా సంతకం గూడ పెట్టుకో అయ్యగారు" అన్నాడు. ఒకరి వెనక ఒకరు ఏడుగురు పెట్టారు. నాయనమ్మ వేలిముద్ర వేసింది.

బయటికొచ్చాక అన్న ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేలికంటిన సిరా తన రుమాలుతో తుడిచాడు. "నువ్వు మా నాయనను ఒక్కపారే సంపినవు. మేం నిన్ను ఏటేటా సంపినం. నీకన్న మాదే ఎక్కువ తప్పు" అన్నాడు. నాయనమ్మ ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చింది.

పాస్‌పోర్టు వచ్చింది. శిబిరంలో నెగ్గాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ రేడియో ముందు కాజీపేట సగం కూర్చుంది. గరగర తప్ప మాకేమీ అర్థం కాలేదు, అయినా ఎవరూ లేవలేదు. ఇండియా ఒక గోలుతో ఓడిపోయింది. తిరిగొచ్చాక అన్న చెప్పాడు, మొదటి సగంలో తన వీధి కుర్రాళ్లే గుంపులోంచి ద్రోహీ అని అరిచారట, రెండో సగంలో వాళ్లే చప్పట్లు కొట్టారట. రంగూన్‌లోనే ఉండిపోయిన వాళ్ల అమ్మ ఆ గుంపులోనే కూర్చుని, బంతి ఎటువైపు పోయినా కళ్లు మూసుకుందట. మర్నాడు తల్లీకొడుకులు పెద్దబాపు సమాధి దగ్గరికి పోయారు. అన్న ఆ తర్వాత మూడేళ్లు ఇండియాకు ఆడాడు. మోకాలు పోయాక షెడ్డులోనే నిజంగా పని నేర్చుకుని, అక్కడే రిటైరయ్యాడు.

అన్న ఆ ఆట ఆడి రంగూన్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం నాయనమ్మ అడిగింది ఒక్కటే, "ఏ తారీకు పోయిండు వాడు?" అన్న చెప్పాడు. ఆ ఏడు ఆ తారీకున మా క్వార్టరులో, ఆ చిన్న వరండాలో, నాయనమ్మ కొడుకుకు మళ్లీ కూడిక పెట్టించింది. మొదటిసారి పెట్టినప్పుడు ఆమె కళ్లు తడి కాలేదని, అందరికీ ఆమే అన్నం వడ్డించిందని, చూసినవాళ్లు ఇదేం తల్లి అనుకున్నారని అమ్మ చెప్పింది. ఈసారి పాట మొదటి చరణం పూర్తికాకముందే, ఇప్పుడే తంతి అందినట్టు, నాయనమ్మ నేల మీద పడి కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అన్న వచ్చి పట్టుకున్నాడు, ఆపమని మాత్రం అనలేదు. ఎదురుచూపు ఆపుకోవడానికి మనం ఒక తారీకు రాయించుకోవచ్చు గాని, ఏడుపు దాని తారీకునే వస్తుంది. మా నాయనమ్మకు అది ఇరవై ఏళ్లకు పైగా ఆగి వచ్చింది.