విప్పని మట్టి సంచి

ఈ ఉదయం ల్యాబులో కొయ్య సుత్తితో మట్టిగడ్డలు చిదుపుతుంటే దుమ్ము లేచి ముక్కుకు తగిలింది. ఆరబెట్టిన మట్టికి వాన వాసన ఉండదు. పాత గోనెసంచిలో తల దూర్చినట్టు పొడి వాసన. అది తగిలితే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. లేచి నాలుగడుగులు నడుస్తాను. రాజ్యలక్ష్మి మేడం దగ్గర అంటుకున్న అలవాటిది. ఆవిడ కూర్చుని పని చేయడం నేను చూడలేదు.

తెనాలి నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షలు చేసి రిటైరయ్యాక, చిక్కడపల్లి సందులో తన ఇంటి ముందు గదులు రెండింటిలో చిన్న ల్యాబు పెట్టారు. నేనప్పుడు కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని ఊరి నుంచి వచ్చి, అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. నోటిఫికేషన్ ఇదిగో అంటారు, రాదు. వస్తే ఆగిపోతుంది. పుస్తకం ముందు కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. హాస్టల్ కిరాయి కోసం మధ్యాహ్నాలు మేడం దగ్గర పనికి కుదిరాను.

మొదటి రోజే మెప్పు పొందుదామని మా నాయన చేను మట్టి తీసుకెళ్ళాను.

"ఎక్కడ తీశావు?" అన్నారు.

"గట్టు పక్కకు తీసిన, మేడం."

"పేడకుప్ప ఎక్కడేస్తారు?"

"గక్కడ్నే."

"అయితే ఇది మీ పేడకుప్ప మట్టి స్వరూపా, చేను మట్టి కాదు," అని సంచి తిరిగి నా చేతిలో పెట్టారు. వచ్చే వారం ఊరెళ్ళి, ఆవిడ చెప్పినట్టే చేనంతా వంకరటింకరగా తిరిగి పదిచోట్ల జానెడు లోతున తవ్వి, అంతా కలిపి, నీడలో ఆరబెట్టి తెచ్చాను. నాయన గట్టు మీద నిలబడి నవ్వాడు.

మేడంకు ఇంకో అలవాటుండేది. ల్యాబులో పరీక్ష అయిపోయి రిపోర్టు వెళ్ళిపోయాక కూడా, మిగిలిన మట్టిలోంచి శనగగింజంత గడ్డ తీసి, వంటింట్లో గాజుగ్లాసు నీళ్ళలో వేసి, కదపకుండా చూసేవారు. గడ్డ ముక్కలై అడుగున ఉండి నీళ్ళు తేటగా ఉంటే సరే. నీళ్ళు పాలలా కలకబారితే ఆ నేల చౌడు. "రైతు తన ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష. ఇది ఒకటి చెప్పి, మన యంత్రం ఇంకొకటి చెబితే తప్పెక్కడో వెతకాలి" అనేవారు. నాకది చాదస్తంగా తోచేది.

ఒక మధ్యాహ్నం పన్నెండు సంచులున్నాయి. నాలుగింటికి అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో మాదిరి పరీక్ష. పదకొండు పూర్తిచేశాను. పన్నెండోది నల్లగొండ వైపు రైతు ఎల్లయ్యది. అతని పక్క చేను మట్టి అప్పుడే చూశాను, మంచి నేల. గడియారం చూశాను. ఎల్లయ్య సంచి విప్పలేదు. పక్క చేను అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి రాసేశాను. మేడం నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

ఆ వారమంతా ఆవిడకు జ్వరం. లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు వంటింట్లోంచి పిలుపు వచ్చింది. గ్లాసులో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. పక్కనే ఎల్లయ్య సంచి.

"పరీక్షయ్యాక మనం రబ్బరు బ్యాండు వేస్తాం. ఇతను కట్టిన పురికొస ముడి నేను విప్పేదాకా అలాగే ఉందేం?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. "పరీక్ష ఉండె మేడం. పక్క చేను మంచిగనే ఉన్నదని..."

"నీకు పరీక్ష ఉంది. ఆ మట్టికి అక్కర్లేదా?"

గొంతు పెంచలేదు. అప్పటికప్పుడు ఆ మట్టి నాచేతనే పరీక్ష చేయించారు. పీహెచ్ తొమ్మిది దాటింది, చౌడు నేలే. ఫోన్లో చెప్పే మాట కాదన్నారు. మర్నాడు పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో బస్సెక్కాం. దారంతా నేను చున్నీ కొస మెలిపెడుతూనే ఉన్నాను.

మేం వెళ్ళేసరికి ఎల్లయ్య బత్తాయి మొక్కలు సగం నాటేశాడు. మిగతా సగానికి గుంతలు తీసి ఉన్నాయి.

"ఎల్లయ్య గారూ, మీ మట్టి చూడకుండానే రిపోర్టు రాసిచ్చాం. తప్పు మాది. ఈ నేలలో బత్తాయి బతకదు," అన్నారు మేడం.

"మేడం గాదు కాకా, నేను జేసిన," అన్నాను.

ఎల్లయ్య భార్య నన్నే చూసింది. "మీ కాయితం జూసే మొక్కలు దెచ్చినం. చదువుకున్నోళ్ళు గిట్ల రాస్తరా?"

ఎల్లయ్య గుంత పక్కన గొంతుక్కూర్చుని మట్టి నలిపాడు. నలుపుతూనే అన్నాడు: "నాకు ముందుగాలనే అనుమానముండె. వాన పడితె నీళ్ళు ఇంకయి, ఎండితె రాయోలె అయితది. కాయితం మంచిదన్నది. నా కండ్లే తప్పనుకున్న."

ఆ మాటకు మేడం తలవంచుకున్నారు. ఆవిడ తల వంచుకోగా నేను చూసింది అదొక్కసారే.

నాటిన మొక్కల్ని వేళ్ళకంటిన మట్టితో సహా తీసి బావి దగ్గరి నేలకు మార్చాం. కొన్ని బతికాయి, చాలా పోయాయి. ఆ చేనుకు చౌడు విరిచే జిప్సం వేయించి, పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి కలియదున్నించడానికి మేడం నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. రెండో వానకాలానికి అక్కడ వరి నిలబడింది, ఏదో ఒక మోస్తరుగా. ఎల్లయ్య భార్య మాత్రం నాతో మాట్లాడలేదు.

ఎల్లయ్య చేనుకు వెళ్ళిన మొదటి రోజు తిరుగు బస్సులో, రేపటి నుంచి రావద్దంటారా అని అడిగాను. "రాకపోతే ఎలా? ఇన్నాళ్ళూ నీ చేతి మీదుగా పోయిన మట్టి అంతా మళ్ళీ ఎవరు చూస్తారు?" అన్నారు. మిగిలిన మట్టితో దాచిన సంచులన్నీ దించి, ఇద్దరం మొదట్నుంచి పరీక్షించాం. చదువు మూలపడింది. ఆ ఏడు అసలు పరీక్ష పోయింది. అదృష్టమో ఏమో, ఇంకెక్కడా తప్పు దొరకలేదు. నేను గ్రూప్స్ దాటలేదు. తర్వాత ఈ జిల్లా ల్యాబులో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళితే, మేడం నిలబడే కాఫీ తాగుతూ, "సంతకం నీదే పెడతావుగా?" అని ఒక్కటే అడిగారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు మట్టి తెచ్చిన ప్రతి రైతునూ ముందు ఒక మాట అడుగుతాను: "నీ చేను గురించి నీకేమనిపిస్తుంది?" కొందరు వింతగా చూస్తారు. చాలామంది చెబుతారు. వాళ్ళు చెప్పింది ఒకటై, యంత్రం చూపింది ఇంకొకటైతే ఆ పూట నాకు అన్నం సయించదు. మళ్ళీ మొదట్నుంచి చేస్తాను. ఒక్కోసారి యంత్రమే సరి, ఒక్కోసారి మనిషే సరి. ఏనాడు ఏదో ముందుగా తెలియదు. తోటివాళ్ళు నన్ను కుదురు లేని మనిషి అంటారు. నిజమే. నాకు కుదురు చిక్కిన రోజు ఎవరి చేను పాడవుతుందోనని భయం.