టపా ఆదినారాయణ మరిచిన ఇల్లు

కొత్త రాగులవంక అని ఏ కండక్టరూ అరవడు. హిందూపురం దాటి పెనుకొండ రోడ్డెక్కగానే ‘కాలనీ, కాలనీ’ అంటాడు, దిగేవాళ్లు దిగుతారు. ఆ పేరు ఇంకా కనిపించేది ఒక్కచోటే, కాలనీ మొదట్లో సంఘం గది తలుపు మీద. అదీ సగం రంగు పోయి. ఆ తలుపు వెనకే ముప్పై ఎనిమిదేళ్లుగా ఆదినారాయణ కాపురం.

కాపురమంటే ఏముంది, ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ మీద భార్య యల్లక్క ఫొటో. పిల్లల్లేరు. యల్లక్క పోయి తొమ్మిదేళ్లయింది. పొద్దున టీ పెట్టుకునేటప్పుడు ఇప్పటికీ రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ బోర్లిస్తాడు.

పాత రాగులవంక డ్యాము నీళ్ల కింద ఉంది. ఊరు మునిగే ముందు జనం సంఘం పెట్టుకుని, ఆఫీసర్ల దగ్గర ఒకే ఒక్క మొండిపట్టు పట్టారు. స్థలాలు ఎక్కడిచ్చినా సరే, ఎవరి పక్కన ఎవరున్నారో కొత్త ఊళ్లోనూ అట్లే ఉండాలి. మంచి స్థలాలు వేరేచోట చూపించినా, వరస చెడుతుందని కాదన్నారు. ‘అట్లయితే మీ ఊరి పటం గీసి తెండి’ అన్నాడు ఆఫీసరు.

గీయడానికి ఆదినారాయణ కంటే ఎవరున్నారు? గోరంట్ల నుంచి రోజూ టపా సంచి మోసుకొచ్చి గడపగడపకీ తిరిగినవాడు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో ఆయన కాళ్లకే తెలుసు. ఒక ఆదివారం కూర్చుని, కళ్లు మూసుకుని, ఉత్తరాలిచ్చుకుంటూ పోయినట్టే గీసుకుంటూ పోయాడు. అరవై మూడు ఇళ్లొచ్చాయి. ఊళ్లో ఉన్నవి అరవై నాలుగు.

తప్పిపోయింది ఆయన ఇల్లే. పాపం ఆయనకి ఉత్తరం రాసే దిక్కెవరు? తన గడపకి తానెప్పుడూ టపా ఇచ్చుకోలేదు. సిద్ధమ్మ ఇల్లు దాటగానే పటంలో హనుమంతప్ప ఇల్లు వచ్చేసింది. నడుమ తన ఇల్లుందన్న సంగతి చేతికి తోచనే లేదు. పటం మీద ముద్రలు పడి, కొత్త ఊళ్లో స్థలాలకి హద్దు గూటాలు పాతాక గానీ ఎవరికీ తెలియలేదు.

“ఊరందరికీ ఇల్లు చూపిస్తివి, నాకు చూపీకపోతివే!” అని యల్లక్క నవ్వింది. నవ్వో ఏడుపో ఆయన అప్పుడూ అడగలేదు, ఇక అడగడానికి మనిషి లేదు. సంఘం పెద్దలు “అంతవరకూ గదిలో ఉండప్పా, వచ్చే ఏడు సరిచేపిద్దాం” అన్నారు. ఆ వచ్చే ఏడు ఇప్పటికీ రాలేదు. పెద్దమనుషుల మాటలంటే ఒళ్లు మండేది ఇందుకే. ఈయనా అంతే, నోరు తెరిచి అడిగితే కదా! తప్పు తనది, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను అనుకుంటూ డెబ్బై ఏళ్లు తెచ్చుకున్నాడు.

ఏడాదికోసారి సంఘం కూర్చుంటుంది. కూర్చోగానే మొదటి పని ఊరు పిలవడం. ఆదినారాయణ పటం చేతపట్టుకుని, పాత వీధుల వరసలో ఒక్కో ఇంటినీ పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు “ఉండాం” అంటారు. ఎవరూ పలక్కపోతే పక్కింటివాళ్లు “తాళమేసుండాది, వస్తార్లే” అనాలి. టపా పంచే రోజుల్లో మూసిన గడప ముందు నిలబడితే పక్కింటివాళ్లు చెప్పిన మాటే అది. మొదట్లో ఆ మాట ఏడాదికి ఒకటో రెండో వినిపించేది. పోనుపోను, పిల్లలు బెంగళూరులో పనులకి పోయి, పెద్దలు ఒక్కొక్కరే కాటికి పోయి, ఊరంతా తాళాలే అయింది.

అరవై మూడు ఇళ్లు పిలిచిన ఆ గొంతు తన ఇల్లు ఒక్కసారీ పిలవలేదు. పటంలో రాసుకోవచ్చు కదా అంటే, తన పెళ్లిపత్రిక తానే తనకిచ్చుకున్నట్టుంటుందని సిగ్గు. ఇంకొకరి నోట వినాలని మాత్రం ఆశ.

ఈ ఏడు కృష్ణకాంత్ వచ్చాడు. కాలనీలో కొత్తగా ఇళ్లు కొన్నవాళ్లు పెట్టుకున్న అసోసియేషన్‌కి ప్రెసిడెంటు, మర్యాదస్తుడే.

“మీ సంఘంలో ఇంకెవరుండారు సార్? గది మేము తీసుకుని ఆఫీసు చేస్తాం. మీరు యాడికీ పోవద్దు. ఈడే ఉండండి, మాకూ వాచ్‌మన్ కావల్ల.”

ఆదినారాయణ తల ఊపాడు. చివరిసారిగా ఒకసారి కూర్చుంటామని మాత్రం అడిగాడు.

పిలుపు ఫోన్లో చెప్పకూడదు, మనిషి పోవాలి. అది సంఘం మర్యాద. పెనుకొండలో కొడుకు దగ్గరున్న హనుమంతప్ప మంచంలోంచి లేవలేదు, మనిషిని గుర్తుపట్టలేదు. ధర్మవరంలో మనవరాలు కల్పన ఇంట్లో సిద్ధమ్మ ఉంది. కళ్లు పూర్తిగా పోయాయి. “వస్తా ఆదెప్పా, ఎందుకు రాను?” అంది. మిగతా చోట్ల ఎక్కువగా ఫొటోలకి దండలే కనిపించాయి.

ఆదివారం పది గంటలకి గది ఊడ్చి, చాపలు పరిచాడు. అలవాటు కొద్దీ నాలుగు పరిచాడు. కల్పన ఆటోలో అవ్వని దింపి, గంటలో వస్తానని బజారుకి పోయింది. పదకొండయింది. ఇంకెవరూ రాలేదు. ఆదినారాయణ పటం విప్పాడు. ఒక్క మనిషి ముందు అరవై మూడు ఇళ్లు ఎట్లా పిలవాలని, వేలు మొదటి ఇంటి మీద పెట్టి అక్కడే ఆగిపోయాడు.

“ఏమప్పా, పిలువు.”

“ఎవరూ రాలేదత్తా.”

“కాగితమట్లా పెట్టు. నేను పిలుస్తా. కండ్లు పోయినాయి గానీ నాకు ఊరు పోలేదు.”

సిద్ధమ్మ మొదలుపెట్టింది. తాను పిలిచి, కాసేపు ఆగి, “తాళమేసుండాది, వస్తార్లే” అని తానే చెప్పుకుంటూ ఇంటి తర్వాత ఇల్లు నడిచింది. తన ఇల్లు రాగానే “ఉండాం” అంది. ఆ పటం ఆమె ఏనాడూ చూసింది కాదు. ఆమెకి తెలిసింది ఊరే.

“టపా ఆదినారాయణ ఇల్లు.”

‘ఉండాం’ అనాలని ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. సిద్ధమ్మ అందరి గడప ముందూ ఆగినట్టే ఆగింది. పక్కింటి మనిషి కాబట్టి చెప్పాల్సిన మాట ఆమే చెప్పింది.

“తాళమేసుండాది. వస్తార్లే. యల్లక్క చేనికి పోయింటాది, ఆయప్ప టపా ఇచ్చేకి పోయింటాడు.”

జానెడు దూరంలో కూర్చున్న ఆదినారాయణ, నేనిక్కడే ఉన్నానత్తా అనలేకపోయాడు. సిద్ధమ్మ అప్పుడే ముందుకి నడిచింది.

“హనుమంతప్ప ఇల్లు.”

ఎవరూ పలకలేదు. ఈసారి సిద్ధమ్మ కూడా పలకలేదు. ఆ ఇంటికి పక్కిల్లు తనది కాదు, నడుమ ఇంకో ఇల్లుంది. చెప్పాల్సినవాళ్లు చెప్తారని చెవి ఒగ్గి ఊరికే కూర్చుంది.

ఆదినారాయణ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“తాళమేసుండాది,” అన్నాడు. “వస్తార్లే.”

సిద్ధమ్మ సరేనని తలాడించి తర్వాతి ఇంటికి పోయింది.