మలుపుల్లో నడిచిన అప్ప

మాఘ మాసం, ఆదివారం. హాజరైనవారు: నేను, మా అప్ప, అప్ప కూతురు (కారు నడిపిన నా మేనకోడలు), నేస్తం.

నా డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న గజపతినగరం సంతలో నిమ్మకాయ ఒకటి గోటితో గిల్లి వాసన చూస్తే సాలూరు ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని ముందు ఆ పేజీయే తీశాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. నేస్తం అంటే ఆ అప్ప నేస్తం. చిన్నప్పుడు రామతీర్థంలో శివరాత్రికి ఇద్దరూ పూలూ గాజులూ మార్చుకుని, పెద్దల ఎదుట నేస్తం కట్టారు. మా వైపు అలా కట్టుకున్నవాళ్లు జన్మలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. పేరు నోట వస్తే నేస్తం తెగిపోతుందని నమ్మకం. ఆవిడది ఘాట్ పైన ఊరు. ఏటా చింతపండూ పసుపుకొమ్ములూ మూటకట్టుకుని ఆవిడే బస్సులో మా ఇంటికి దిగేది. అప్ప ఒక్కసారీ వెళ్లలేదు. మెలికల రోడ్డంటే అప్పకి కడుపులో దేవేస్తుంది. రామభద్రపురం వెళ్లడానికే కిటికీ పక్క సీటు కోసం బస్సంతటితో తగువు పెట్టుకునే మనిషి.

ఆ ఏడు నేస్తం రాలేదు. జారిపడి మంచం పట్టిందనీ, లేచి నడవొచ్చని డాక్టరు చెప్పినా గోడవైపు తిరిగి పడుకుని తిండి మానేసిందనీ, ఎప్పుడైనా నోరు విప్పితే నేస్తాన్నే అడుగుతోందనీ కొడుకు ఫోన్ చేశాడు. అప్ప అంతా విని, ఫోన్ పెట్టేసి, "రేపు ఎల్తన్నాం" అంది.

సాలూరు దాకా నిమ్మకాయ పనిచేసింది. కొండెక్కగానే రోడ్డు తిరగడం, అప్ప కడుపు తిరగడం ఒకేసారి మొదలయ్యాయి. కూతురు కారు పక్కకి ఆపింది.

"అమ్మా, నీ మొకం ఎలాగైపోయిందో సూడు. ఎనక్కి తిప్పీస్తన్నాను."

"తిప్పుకో. నాను దిగి నడిసెల్లిపోతాను."

ఉత్తమాట అనుకున్నాం. దిగేసింది. కుచ్చెళ్లు పైకి దోపుకుని, మలుపంతా నడిచి, అవతల రోడ్డు తిన్నగా ఉన్నచోట నిలబడి చెయ్యి ఊపింది. అక్కడ ఎక్కింది. తరవాతి మలుపు కనిపించగానే, "ఆపు." ఇక ప్రయాణమంతా అలాగే సాగింది. తిన్నటి రోడ్డు మీద కారు, మలుపు దగ్గర కాళ్లు. ఒంటరిగా పంపలేక గొడుగు పట్టుకుని నేనూ దిగాను. మలుపులు లెక్క రాసుకుందామని జేబులో పెన్సిలు పెట్టుకున్నాను గానీ, అప్ప వెనక పడేసరికి ఊపిరీ లెక్కా రెండూ తప్పాయి. వెనక నిలిచిపోయిన లారీ డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏటమ్మా, ఆ పిల్లకి తోలడం రాదేటి? నువ్వు దిగి దారి సూపిస్తన్నావు!"

"నాకు దారీ తెల్దు, తోలడమూ తెల్దు. నువ్వు ముందెల్లు బాబూ."

ఎండ నడినెత్తికొచ్చాక ఊరు చేరాం. ఇల్లెక్కడో తెలియదు. ఫోన్లకి సిగ్నల్ లేదు. టీ కొట్టాయన "ఎవులింటికండీ?" అని అడిగితే గానీ ఆవిడ పేరు నాకూ తెలియదని తట్టలేదు. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆవిడ నేస్తమే. మేనకోడలి ఫోన్లో ఆవిడ కొడుకు సైతం 'నేస్తం గారబ్బాయి'. మంచం పట్టిన పెద్దావిడ అన్నాను. అలాటోళ్లు ఈదికొకరున్నారన్నాడు.

"అమ్మా, ఈ ఒక్కసారికీ పేరు సెప్పీయే," అని కూతురు బతిమాలింది.

"సెప్పను. ఇంత దూరం నడిసొచ్చి, దాని గుమ్మం కాడ తెంపుకుంతానా?"

అప్ప వీధి మధ్యకి నడిచి, నోటి చుట్టూ చేతులు పెట్టి అరిచింది. "ఓ నేస్తం!"

వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి. అక్కడ ప్రతి ఆడమనిషికీ ఎక్కడో ఒక నేస్తం ఉంది మరి. ఒకావిడ బియ్యం చేటతో సహా బయటికొచ్చేసింది. అప్ప వాళ్లనెవరినీ చూడకుండా మళ్లీ పిలిచింది. చివరి పెంకుటింట్లోంచి సన్నటి గొంతు వచ్చింది.

"ఒసే, ఇప్పుడా రావడం? మలుపు మలుపుకీ దిగొచ్చీసేవేటి?"

ఆ పూట అప్ప తిట్టుకుంటూ కలిపిన ముద్దల్ని నేస్తం తిట్టుకుంటూ తింది.

మర్నాడు పొద్దున్న మేం బయల్దేరుతుంటే నేస్తం మంచం దిగింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "ఒచ్చే ఏడు నానే వొస్తాను. నువ్వు రాకు, నీకు కారు పడదు" అంది. సర్లే అని, అప్ప మొదటి మలుపుకి ముందుగానే కారు దిగిపోయింది. బయల్దేరే ముందు నేస్తం కోడలు నా చెవిలో ఆవిడ పేరు చెప్పింది. హాజరైన బయటివాళ్లని ఇంటిపేర్లతో సహా రాసుకునే అలవాటు నాది. ఆ పేరు మాత్రం రాయలేదు.

అప్పటినుంచీ ఏళ్లు ఒక డైరీలోంచి ఇంకో డైరీలోకి గబగబా దొర్లిపోయాయి. ఆ ఒక్క ఆదివారం మాత్రం, కుచ్చెళ్లు దోపుకుని, ఇంకా ఘాట్ మీద నెమ్మదిగా నడుస్తూనే ఉంది.