'మా' అంటే దిద్దే సారు

సిద్దిపేటల పక్కపక్కనున్న రెండు డిగ్రీ కాలేజీలను ఒక్కటి చేసిన ఏడాది మాకు కొత్త ప్రిన్సిపాల్ సారొచ్చిండు. ఎవరన్న 'మా కాలేజీ' అంటే చాలు, చెయ్యెత్తి ఆపి 'మన' అని దిద్దేటోడు. నాకు ఒళ్లు మండేది. ఇరవై ఏండ్ల సంది తెలుగు పాఠం చెప్తున్న నాకు 'మా'కు, 'మన'కు తేడా తెల్వదా?

ఒకే సబ్జెక్టుకు ఇద్దరున్నకాడ ఒకరిని వేరే ఊరికి పంపాలని ఆర్డరొచ్చింది. మీటింగుల అటు వాళ్లు, ఇటు మేము కూసున్నం. నాకు ఎదురుంగ అవుతలి కాలేజీ తెలుగు మేడం. ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూస్తలేము. సారు పేర్ల కాగితం తీసిండు.

"మా కాలేజోళ్లనే పంపుతున్నరా సార్?" అని నేను లేచి గట్టిగనే అడిగిన.

సారు చెయ్యెత్తలేదు. మొదటి పేరు చదివిండు. అది ఆయనదే. కలుపుడు పని అయిపోయిందని ముందుగాల ఆయన్నే బదిలీ చేసిన్రట.

"ఇగ మీ కాలేజీని మీరే మంచిగ చూసుకోవాలె" అన్నడు.

నాకు తెల్వకుండనే నా చెయ్యి లేసింది. "మన, సార్" అన్న. ఎదురుంగ చూస్తే మేడం చెయ్యి గూడ లేసే ఉంది.

సారు కండ్లద్దాలు తుడుసుకొని మళ్ల కాగితం అందుకున్నడు. "ఇగ తెలుగు సబ్జెక్టు..." అని చదవబట్టిండు. మా ఇద్దరి చేతులు ఇంక దిగలేదు.